నాన్న మాజీ సైనికుడు, పదేళ్ళుగా నడుము నొప్పి, ఊళ్ళో డాక్టర్ లేడు. ఫోన్‌లోనే నర్సు చూసుకునే పద్ధతి మనకీ ఉందా?

గిద్దలూరు_అబ్బాయి
అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్న మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలో వంతెనలు, రోడ్లు వేసే ఇంజనీర్ల దళం) 24 ఏళ్ళు చేసి 2004లో హవల్దార్‌గా రిటైర్ అయ్యారు. బెయిలీ బ్రిడ్జి అనే ఇనుప వంతెనకి ప్యానెల్ అని ఒకటుంటుంది, ఒక్కోదాన్ని ఆరుగురు కలిసి మోయాలి, అవి మోసీ మోసీ నడుము అప్పుడే పోయింది అంటుంది అమ్మ. ఆయన మాత్రం అనరు. ఆయన్ని ఏమడిగినా "సబ్ ఠీక్ హై". పదేళ్ళుగా నడుం దగ్గర మొదలై ఎడమ కాలు మడమ దాకా లాగుతుంది, ఎంఆర్ఐలో ఎల్4 ఎల్5 పూసల దగ్గర నరం నొక్కుకుందన్నారు, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నారు. సరే.

మాకు దగ్గర ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్ అంటే 130 కిలోమీటర్ల పైమాటే. బస్సులో నాలుగు గంటలు. నొప్పి మాత్రల కోసం వెళ్తే ఆ కుదుపులకి వచ్చాక మూడు రోజులు మంచం దిగరు. దాంతో వెళ్ళడం మానేశారు, మాకు చెప్పలేదు. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర వారానికో సూది వేయించుకుంటున్నారని గత నెల తెలిసింది. క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష) చేయిస్తే 1.8 వచ్చింది, ఉండాల్సినదాని కన్నా ఎక్కువ. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. అమెరికాలో పల్లెల్లో ఉండే మాజీ సైనికులకి నర్సులు ఫోన్ చేసి నొప్పి సంగతి చూసుకుంటారని చదివాను. అలాంటిది ఇక్కడ ఉందా? డబ్బు కట్టి పెట్టుకునేదైనా పర్లేదు.

సుబేదార్_శ్రీకాకుళం
బాబూ, ముందు ఆ సూది ఆపించు. మిగతావన్నీ తర్వాత. ఆ సూదిలో ఏముంటుందో వేసేవాడికి తప్ప ఎవడికీ తెలియదు.

డాక్టర్_ఫిల్టర్‌కాఫీ
సుబేదార్ గారు అన్నదే ముందు నేనూ చెప్పేది. ఊళ్ళలో "నొప్పి సూది" అంటే ఎక్కువసార్లు డైక్లోఫెనాక్, దానికి తోడు ఒక స్టిరాయిడ్. ఆ రోజుకి గుర్రంలా నడుస్తారు, అందుకే జనానికి అంత నమ్మకం. వారం వారం వేస్తే కిడ్నీ మీద, బీపీ మీద, షుగర్ మీద, కడుపు మీద అన్నిటి మీదా పడుతుంది. 1.8 ఒక్కసారి చూసి భయపడొద్దు, సూది ఆపి నీళ్ళు బాగా తాగించి రెండు వారాల్లో మళ్ళీ చేయించండి, ఈలోగా ఫిజీషియన్‌కి ఒకసారి చూపించండి. చాలాకాలంగా స్టిరాయిడ్ పడుతుంటే ఒక్కసారిగా మానడం వల్ల కూడా నీరసం, కళ్ళు తిరగడం రావొచ్చు, కాబట్టి సూదుల సంగతి డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి.

ఇంకొక మాట. ఫోన్ వైద్యం గురించి మాట్లాడేముందు ఇవి అడగండి: మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ ఉందా, కూర్చునే చోట తిమ్మిరి ఉందా, పాదం ఎత్తలేక ఈడ్చుకుంటూ నడుస్తున్నారా, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపేసే నొప్పి? వీటిలో ఏ ఒక్కటున్నా ఫోనూ లేదు వీడియో లేదు, ఆ రోజే ఆసుపత్రికి.

గిద్దలూరు_అబ్బాయి
అడిగాను సార్. అవేవీ లేవన్నారు. అంటే "సబ్ ఠీక్" అన్నారు, అమ్మని విడిగా అడిగితే అప్పుడు నమ్మకం కుదిరింది.

ఒహాయో_నర్సమ్మ
మాది నెల్లూరు, ఇక్కడికొచ్చి 14 ఏళ్ళు. సిటిజన్‌షిప్ వచ్చాక వీఏలో చేరాను, వీఏ అంటే ఇక్కడి మాజీ సైనికుల శాఖ. మీరు అడిగిన పనే నాది, అందుకని కొంచెం వివరంగా రాస్తాను, ఊరు పేరు మనుషుల వివరాలు మార్చి.

ఇక్కడి మాజీ సైనికుల్లో నలుగురిలో దాదాపు ఒకరు పల్లెల్లో ఉంటారు. పల్లె అంటే మన పల్లెలా కాదు, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మైలు దూరం, బస్సు అనేదే లేదు, ఆసుపత్రి రెండున్నర గంటలు, మంచు పడితే అదీ లేదు. 2018లో రూల్ మార్చారు, వీఏలో పనిచేసే డాక్టర్ గానీ నర్సు గానీ ఏ రాష్ట్రంలో కూర్చునైనా ఇంకో రాష్ట్రంలో ఉన్న మనిషిని వీడియోలో చూడొచ్చు. ఇంటర్నెట్ లేనివాళ్ళకి డేటాతో సహా ట్యాబ్ అప్పుగా ఇస్తారు. ఇదంతా విని గొప్ప టెక్నాలజీ అనుకోకండి, నా పనిలో ముప్పావు వంతు మామూలు ఫోన్ కాల్.

నాకు ఒక లిస్టు ఉంటుంది. ఆ లిస్టులో ఉన్నవాళ్ళు నావాళ్ళు. కొత్తవాళ్ళకి వారానికోసారి, కుదురుకున్నాక నెలకోసారి నేనే ఫోన్ చేస్తాను, వాళ్ళు నొప్పి వచ్చి చేసేదాకా ఆగను. మందు వేసుకున్నారా, మగతగా ఉందా, పడిపోయారా, మలబద్ధకం ఉందా, నిద్ర పట్టిందా, మందు (ఆ మందు!) ఎంత తాగుతున్నారు, ఇవన్నీ అడుగుతాను. మోతాదు పెంచాలా తగ్గించాలా అన్నదానికి ముందే రాసిపెట్టిన మెట్లు ఉంటాయి, ఆ మెట్ల ప్రకారం నేను సూచిస్తాను, డాక్టర్ ఒప్పుకుని ఆర్డర్ పెడతారు. కష్టమైన కేసులు కూడబెట్టుకుని డాక్టర్‌తో కూర్చుని ఒక్కొక్కటీ చూస్తాం.

వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చిన పెద్దాయన ఒకాయన నా లిస్టులో ఉండేవారు, మొక్కజొన్న రైతు. మీ నాన్నగారిలాగే. "నొప్పి ఎలా ఉంది" అంటే "బానే ఉంది". ఆరు నెలలు నేనూ బానే ఉంది అని రాసుకున్నాను. ఒకరోజు ఊరికే, "ట్రాక్టర్ ఎక్కారా ఈ వారం" అన్నాను. లైన్లో చాలాసేపు మాట లేదు. ఏడాదిన్నరగా ఎక్కలేదట, కొడుకు నడుపుతున్నాడట. అప్పట్నుంచీ నేను నొప్పి ఎలా ఉందని ముందుగా అడగను.

కడప_కోడలు
అక్కా, ఈ పేరా మా మామగారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, లేచి బయటికెళ్ళారు. ఆయన సీఆర్‌పీఎఫ్. మోకాళ్ళు.

చిట్కా_వైద్యం
[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్
తైలం ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దని మూడోసారి చెప్తున్నాం. నాలుగోసారి చెప్పం.

మాధవరం_మనవడు
తాడేపల్లిగూడెం పక్కన మా మిలిటరీ మాధవరం తెలుసుగా అందరికీ. మొదటి ప్రపంచ యుద్ధానికే 90 మంది వెళ్ళిన ఊరు, రెండోదానికి వెయ్యి మందికి పైగా. ఇంటికొకరు కాదు, కొన్ని ఇళ్ళలో ముగ్గురు నలుగురు. అరుగు మీద కూర్చున్న ముసలాళ్ళలో సగానికి సగం మందికి నడుమో మోకాలో. వాళ్ళంతా ఒకళ్ళ మాత్రలు ఒకళ్ళు వేసుకుంటారు. "నీది ఎర్రదా, నాది తెల్లది, ఇదో పట్టు." మా తాత అలాగే ఎవరిదో గాబాపెంటిన్ (నరాల నొప్పి మాత్ర, మగత వస్తుంది) రెండు వేసుకుని బాత్రూంలో పడ్డాడు. నవ్వొస్తుంది గానీ తుంటి ఎముక విరిగింది.

నర్సు ఫోన్ చేసి "ఏం వేసుకున్నారు, చీటీ చదవండి" అని అడిగి ఉంటే బయటపడేది ఇది.

సుబేదార్_శ్రీకాకుళం
మన దగ్గర ఏమీ లేదని ఎవరూ అనుకోకండి. ఈసీహెచ్ఎస్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది, అంతకుముందు రిటైర్ అయినవాడికి మిలిటరీ ఆసుపత్రి గేటు దాటడమే గగనం. 2021 మేలో సెహత్ ఓపీడీ అని పెట్టారు, ఇంట్లోంచే డాక్టర్‌తో వీడియోలో మాట్లాడొచ్చు, మాజీ సైనికులకీ కుటుంబానికీ ఉచితం, చీటీ ఫోన్‌కే వస్తుంది. నేను షుగర్‌కి వాడాను. ఆవిడ ఎవరో మేజర్, నా పొడుగాటి సోదంతా విని పద్ధతిగా చెప్పింది.

గిద్దలూరు_అబ్బాయి
వీడియో డాక్టర్లు మంచివాళ్ళే సాబ్, నాన్నకి ఒకసారి ఒక వీడియో కన్సల్టేషన్ చేయించాను. కానీ ఆ పద్ధతే అంత కదా, ఆ టైంకి డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు. పదేళ్ళ కథ ఐదు నిమిషాల్లో చెప్పాలి. పైగా కెమెరా ముందు నాన్న షర్టు మార్చుకుని నిటారుగా కూర్చున్నారు, డాక్టర్ "నొప్పి ఎంత" అంటే "థోడా" అన్నారు. ఆ ముందురోజు రాత్రి నిద్రపోలేదు ఆయన.

నర్సమ్మ గారు చెప్పినదాంట్లో నాకు పట్టుకుంది "నావాళ్ళు" అన్న మాట. ఎవరో ఒకరి లిస్టులో నాన్న పేరుండాలి. అది ఎక్కడా లేదు.

డాక్టర్_ఫిల్టర్‌కాఫీ
సరిగ్గా అక్కడికే వస్తున్నా. ఇది మాటలకి బాగుండే విషయం కాదు, పరీక్షించి చూశారు. ఇండియానాపొలిస్ వీఏలో 250 మంది మీద చేసిన అధ్యయనం 2014లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. సగం మందికి మామూలు వైద్యం. సగం మందికి ఏడాదిపాటు ఫోన్ ద్వారా లేదా ఇంటర్నెట్‌లో నొప్పి లెక్క తీసుకుంటూ ఒక నర్సు, ఆవిడ వెనక ఒక నొప్పి స్పెషలిస్టు. ఏడాది తర్వాత నొప్పి కనీసం 30 శాతం తగ్గినవాళ్ళు నర్సు వైపు 51.7 శాతం, మామూలు వైపు 27.1 శాతం. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న మందుల్నే, ఎక్కువగా ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి మందు) కానివాటినే, ఒకటి పనిచేయకపోతే తర్వాతదానికి మార్చుతూ వెళ్ళారు. మన దగ్గర జరిగేదేంటంటే, మొదటి మందు పనిచేయదు, పేషెంటు మళ్ళీ రాడు, కథ అక్కడే ఆగిపోతుంది.

అలాగని నర్సు వైపు కూడా దాదాపు సగం మందికి అంత తగ్గలేదు, అదీ గుర్తుంచుకోండి. ఫోన్ కాల్ మంత్రం కాదు.

కరీంనగర్_కిట్టు
డాక్టర్ సాబ్, మా బాపుకు ట్రమడాల్ ఒక్కటే పనిచేస్తుంది, ఆన్‌లైన్‌లో అడిగితే రాయరు అన్నారు. అది రాయకపోతే ఇగ ఫోన్ వైద్యం ఎందుకు? నొప్పి ఉన్నోడికి నొప్పి మందు రాయరంటే ఎట్లా?

డాక్టర్_ఫిల్టర్‌కాఫీ
రాయకూడదు కాబట్టి రాయరు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మత్తుమందుల చట్టం కిందకి వచ్చేవి సాధారణంగా ఫోన్లో, వీడియోలో రాయడానికి లేదు. ట్రమడాల్‌ని 2018లో ఆ చట్టం కిందికి తెచ్చారు. కావాలంటే మనిషి ఎదురుగా రావాల్సిందే. మీకు కోపం రావడం న్యాయమే, కరీంనగర్ నుంచి నాన్నగారిని ప్రతిసారీ ఎక్కించుకుని తిరగడం కష్టం.

కానీ "అదొక్కటే పనిచేస్తుంది" అన్నదాని మీద కొంచెం అనుమానం పెట్టుకోండి. మినియాపొలిస్ వీఏలో 240 మంది నడుము, మోకాలు, తుంటి నొప్పివాళ్ళని ఏడాది చూశారు, 2018లో వచ్చింది. సగం మందికి మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లు, సగం మందికి పారాసెటమాల్ లాంటి మామూలు మందులతో మొదలుపెట్టి, అవేవీ పనిచేయకపోతేనే చివరి మెట్టుగా ట్రమడాల్. ఏడాదికి పనులు చేసుకోగలగడంలో తేడా లేదు, నొప్పి అయితే మామూలు మందులవాళ్ళకే కాస్త తక్కువ. అలాగని మీ బాపుకి రేపే ఆపేయకండి. చాలాకాలం వాడినదాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చూసి మెల్లగా దించాలి.

కరీంనగర్_కిట్టు
చదవనీకి మస్తుగుంది సార్, మా బాపు మినియాపొలిస్‌ల లేడు కదా.

కానీ ఆపను, పర్లేదు. వచ్చే నెల నేరుగా తీస్కపోయి అడుగుత.

పల్లె_ఎంఎల్‌హెచ్‌పీ
ఇన్ని పోస్టులు చదివాక ఉండబట్టలేక రాస్తున్నా. నేను బీఎస్సీ నర్సింగ్ చేసి విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిగా, పనిచేస్తున్నా, గోదావరి జిల్లాల్లో. నర్సు లేదు నర్సు లేదు అంటున్నారు, మేం ఉన్నాం కదండీ! దాదాపు 2,500 మందికి ఒక క్లినిక్. మేం ఈ-సంజీవని (ప్రభుత్వ వీడియో వైద్యం) తెరిచి హబ్‌లో ఉన్న డాక్టర్‌కి పేషెంటుని చూపిస్తాం, ఆయన రాసిన మందు మా దగ్గర ఉంటే మేమే ఇస్తాం. 104 వ్యాన్‌తో పీహెచ్‌సీ డాక్టర్ ఊరికి వచ్చే రోజు కూడా ఉంటుంది. మాజీ సైనికుడైతే రావొద్దని ఎక్కడా లేదు. ఈసీహెచ్ఎస్ కార్డు ఉంది కదా అని వాళ్ళు మా దగ్గరికి రారు, బీపీ కూడా చూపించుకోరు, గౌరవం తక్కువ అనుకుంటారేమో తెలీదు.

అలాగని నేను ఒహాయో అక్కలా చేయగలనా అంటే, చేయలేను. గర్భిణులు, టీకాలు, బీపీ షుగర్ సర్వే, దానికో యాప్ దీనికో యాప్, సాయంత్రం దాకా ఫోటోలు అప్‌లోడ్. నొప్పి అనేది ఏ యాప్‌లోనూ గడి లేని జబ్బు. గడి లేకపోతే పని లేనట్టే. మందులు మార్చే అధికారం నాకు లేదు, ఉండకూడదనే నేనూ అంటాను, కానీ రాసిపెట్టిన మెట్లు ఉంటే కనీసం ఎప్పుడు డాక్టర్‌ని అడగాలో తెలుస్తుంది. అదీ లేదు.

ఒహాయో_నర్సమ్మ
చెల్లీ, నువ్వు చేసేదే ఎక్కువ. నా లిస్టులో ఎవరి వీపూ నేను ముట్టుకోలేను. పాదం వాచిందా అంటే కెమెరా కిందికి తిప్పమంటాను, ఆయన పైకప్పు చూపిస్తాడు.

అబ్బాయ్, నాకొకటి తోస్తోంది. కొత్త సర్వీసు వెతకడం మానేసి మీ ఊరి క్లినిక్‌లో ఉన్న ఆమెని కలువు. వారానికి పది నిమిషాల ఫోన్ కాల్ చాలు. మూడే ప్రశ్నలు, వీటికి పెగ్ అని పేరు, ఇక్కడ అందరం వాడతాం: గడిచిన వారంలో సగటున నొప్పి ఎంత, సంతోషంగా గడపడానికి ఎంత అడ్డొచ్చింది, రోజువారీ పనులకి ఎంత అడ్డొచ్చింది, సున్నా నుంచి పది దాకా. మొదటి నంబర్ పెద్దగా కదలకపోవచ్చు, మూడోది కదిలితే పండగే.

మాధవరం_మనవడు
సున్నా నుంచి పది అంటే మా అరుగు మీదవాళ్ళు "పదో క్లాసా" అంటారు అక్కా. మా తాతకి ఫిజియో అమ్మాయి అలాగే అడిగితే చెప్పలేకపోయాడు. "రూపాయిలో ఎంత నొప్పి తాతా" అంటే ఠక్కున "ముప్పావలా" అన్నాడు, అంటే పదహారణాల్లో పన్నెండు. పదిహేను రోజుల తర్వాత "అర్ధ రూపాయి, బేడా తక్కువ". బేడా అంటే రెండణాలు. అంత కచ్చితంగా.

ఒహాయో_నర్సమ్మ
బేడ తక్కువ!! ఇది మా టీమ్ మీటింగ్‌లో చెప్తాను, అనువాదం ఎలా చేయాలో తెలీదు గానీ.

గిద్దలూరు_అబ్బాయి
ఐడియా బాగుంది. సమస్య ఒకటే, నాన్న. నోట్‌బుక్ కొనిచ్చి "నొప్పి డైరీ రాయండి" అంటే "ఆడపిల్లలు రాసుకుంటారు డైరీలు" అన్నారు. మా ఇల్లు పొలం మీద ఉంటుంది, క్లినిక్ ఉన్న ఊరు 5 కిలోమీటర్లు, మధ్యలో వాగు. రోజూ వెళ్ళరు.

సుబేదార్_శ్రీకాకుళం
నొప్పి డైరీ అంటే ఏ ఫౌజీ రాయడయ్యా. సర్వీసులో నొప్పి అన్నామా, ఎంఐ రూమ్‌కి (యూనిట్ దవాఖానాకి) పో అంటారు, అక్కడ లైట్ డ్యూటీ రాస్తే బ్యారక్‌లో వెక్కిరింత, మెడికల్ కేటగిరీ పడిపోతే ప్రమోషన్ పోతుందని భయం. ఇరవై ఏళ్ళు దాచడం నేర్పించి ఇప్పుడు రిటైర్ అయ్యాక చెప్పు చెప్పు అంటే ఎక్కడ చెప్తాడు.

దాన్ని పరేడ్ స్టేట్ అని చెప్పు. పొద్దున్నే కంపెనీలో ఎంతమంది హాజరు, ఎంతమంది సిక్ అని రాసే కాగితం. మీ నాన్న పాతికేళ్ళు రాసే ఉంటాడు. "నడుము: హాజర్. కాలు: సిక్." అలా రాయమను. రాయకపోతే నన్నడుగు.

కడప_కోడలు
ఒక మాట నేనూ చెప్తాను. ఫోన్ కాల్ ఎవరు చేసినా అమ్మతో కూడా రెండు నిమిషాలు మాట్లాడమనండి. మా ఇంట్లో మామగారి మోకాళ్ళ నొప్పి అత్తయ్య భుజం నొప్పిగా మారింది, ఆయన్ని లేపీ కూర్చోబెట్టీ. ఆమెని ఎవరూ అడగలేదు. నిద్ర సంగతి, కోపం సంగతి, రాత్రి తాగే సంగతి నిజం చెప్పేది ఆమే. మామగారు ఏడాది క్రితం "ఇక చాలు" లాంటి మాటలు అన్నప్పుడు నేను భయపడి టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి చేశాను, తెలుగులోనే మాట్లాడారు. నొప్పి మాత్రలు ఎంత ముఖ్యమో అదీ అంతే, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

ఒహాయో_నర్సమ్మ
చాలా మంచి పని చేశావమ్మా. చనిపోవాలనిపిస్తోందా అన్న ప్రశ్న మేం ప్రతి కొత్తవాళ్ళనీ నేరుగా అడుగుతాం. అడిగితే ఆలోచన పుడుతుందనేది అపోహ. మా దగ్గర తుపాకీ ఇంట్లో ఉంటుంది కాబట్టి ఇంకా ముందే అడగాలి.

డాక్టర్_ఫిల్టర్‌కాఫీ
మీ ఊరి నర్సు గారితో మాట్లాడేముందు ఒక కాగితం తయారు చేసుకోండి, చాలామంది చేసే తప్పు కాగితం లేకుండా వెళ్ళడం. అన్ని మందుల పేర్లు మోతాదులు, పాత ఎంఆర్ఐ రిపోర్టు, క్రియాటినిన్ తేదీలతో, బీపీ. కిడ్నీ తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ ఏవీ వద్దని పైన పెద్దక్షరాలతో రాయండి, మెడికల్ షాపువాడికి కూడా ఆ కాగితమే చూపించండి. ప్రిగాబాలిన్ లాంటి నరాల నొప్పి మందులు కిడ్నీని బట్టి తగ్గించి వాడాలి, మొదటి వారం మగత ఉంటుంది, రాత్రి బాత్రూంకి లైటు వేసి ఉంచండి.

ఇక మందు కన్నా పెద్దది ఒకటుంది. నొప్పివాళ్ళందరూ చేసేదే: బాగున్న రోజు పొలమంతా చేసేస్తారు, మర్నాటి నుంచి మూడు రోజులు మంచం. ఆ ఎగుడుదిగుడు తగ్గించడమే సగం వైద్యం. బాగున్నా బాగోకపోయినా రోజూ ఒకే కొలత, ఉదాహరణకి పది నిమిషాల నడక, వారానికి ఒక నిమిషం పెంచుతూ. దీన్ని పట్టించడానికి డాక్టర్ అక్కర్లేదు, వారం వారం అడిగే మనిషి కావాలి.

గిద్దలూరు_అబ్బాయి
మిరపకోతల రోజుల్లో నాన్న చేసేది అచ్చం అదే సార్. చూసినట్టు రాశారు.

ఈ శనివారం ఊరికి వెళ్తున్నా. వచ్చి చెప్తాను.

*(ఏడు వారాల తర్వాత)*

గిద్దలూరు_అబ్బాయి
ఆలస్యమైంది, క్షమించాలి. అడిగినవాళ్ళకి అప్‌డేట్.

క్లినిక్ మేడమ్ ముందు కాదన్నారు. ఎక్కడెక్కడి పనో చెప్పారు, పైన పల్లె_ఎంఎల్‌హెచ్‌పీ గారు రాసినట్టే. నర్సమ్మ గారి మూడు ప్రశ్నలూ డాక్టర్ గారి కాగితమూ చూపిస్తే, "వారానికి పది నిమిషాలే కదా, సోమవారం మధ్యాహ్నం చేస్తాను, యాప్‌లో మాత్రం ఎక్కించను" అన్నారు. ఇచ్చిన మాట తప్పలేదు. రెండో సోమవారమే ఈ-సంజీవనిలో హబ్ డాక్టర్‌కి చూపించి, కిడ్నీ లెక్క చూసి, పారాసెటమాల్ టైం ప్రకారం, రాత్రికి ఒక చిన్న మోతాదు మందు రాయించారు. దానికి నాన్నకి పగలంతా మగత వచ్చింది. పాత రోజుల్లో అయితే అక్కడితో మానేసి సూదికి వెళ్ళేవారు. ఈసారి సోమవారం ఫోన్లో బయటపడింది, మళ్ళీ డాక్టర్‌ని అడిగి సగం చేశారు. 104 వ్యాన్ వచ్చిన రోజున రక్తం ఇస్తే క్రియాటినిన్ 1.4కి దిగింది. పాలీక్లినిక్‌కి ఈ మధ్యలో ఒకసారి కారులో తీసుకెళ్ళాను, కాగితం చూపిస్తే అక్కడి డాక్టర్‌కి మొత్తం ఐదు నిమిషాల్లో అర్థమైంది.

నొప్పి ముప్పావలా నుంచి పది అణాలకి వచ్చింది, అంతే. ఎక్కువ చెప్పను. కానీ పొలం గట్టు చివరి వేపచెట్టు దాకా రోజూ వెళ్ళొస్తున్నారు, అమ్మ చెప్పింది. సూది నాలుగో వారంలో ఒకసారి వేయించుకున్నారు, ఆ సంగతి మేడమ్‌కి ఆయనే చెప్పారు, నాకు చెప్పలేదు.

ఒహాయో_నర్సమ్మ
ఆమెకి ఆయనే చెప్పారా! ఆ ఒక్క ముక్క చాలు నాకు.

పల్లె_ఎంఎల్‌హెచ్‌పీ
నేనూ మా ఊళ్ళో ఇద్దరితో మొదలుపెట్టా. ఒకాయన నేవీ. ఫోన్ ఎత్తగానే "రిపోర్టింగ్" అంటాడు. మూడోవాడు వస్తే మాత్రం నావల్ల కాదు, ఇప్పుడే చెప్తున్నా.

సుబేదార్_శ్రీకాకుళం
పరేడ్ స్టేట్ రాస్తున్నాడా లేదా? అది చెప్పవేం.

గిద్దలూరు_అబ్బాయి
రాస్తున్నారు సాబ్, రోజూ పొద్దున ఆరింటికి, స్కేలుతో గీతలు కొట్టి మరీ. చిక్కు వేరే ఉంది. మేడమ్‌కి బదిలీ అవ్వొచ్చంటున్నారు. కొత్తగా వచ్చేవాళ్ళు సోమవారం ఫోన్ చేస్తారో చేయరో, చేయాలని ఎక్కడా రాసి లేదు కదా. మేడమ్ అయితే "నోట్‌బుక్ ఉంది కదా, వచ్చేవాళ్ళకి అదే ఇవ్వండి, అంతా అందులో ఉంది" అన్నారు.

ఉంది. మొత్తం హిందీలో ఉంది.

సుబేదార్_శ్రీకాకుళం
మరి ఫౌజీ ఇంకెందులో రాస్తాడు? ఫోటోలు తీసి నాకు పంపు, తెలుగులో రాసి పంపుతా. పెన్షనర్ని, నాకేం పని.